ఓటు మనదే, నిర్ణయాలు ఎవరివి? (మెడికల్ కాలేజీ, కరెంటు బిల్లు, ధాన్యం రేటు)

పాలకొల్లు_చైతన్య
చాన్నాళ్లనించి బుర్రలో తిరుగుతున్న ప్రశ్న. మా పాలకొల్లుకీ అటు అమలాపురానికీ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వస్తాయన్నారు. 2023లో అప్పటి ప్రభుత్వం జీవో 107, 108 ఇచ్చి కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే సెల్ఫ్ ఫైనాన్స్ (ఎక్కువ ఫీజు) సీట్లు, ఎన్నారై సీట్లు పెట్టింది. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఇది అన్యాయం, మేమొస్తే ఆ జీవోలు తీసేస్తాం అన్నారు. వచ్చారు. 2025లో పది కాలేజీలు పీపీపీ, అంటే ప్రైవేటు భాగస్వామ్యం అన్నారు, అందులో మా రెండూ ఉన్నాయి. దాంతో ఆ జీవోలిచ్చినవాళ్లే పీపీపీ వద్దని 2025లో సంతకాలు సేకరించారు.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు, నా బాధ ఏంటంటే ఓటు అటేసినా ఇటేసినా చివరికి వచ్చే మాట ఒకటే, "ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు, ప్రైవేటోళ్లైతే బాగా నడుపుతారు". ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చింది? ఇది ఎన్నికల్లో ఎప్పుడైనా మనల్ని అడిగారా? దీన్నే నియోలిబరలిజం అంటారని ఎక్కడో చదివాను, తెలిసినవాళ్లు చెప్పండి.

అంబాజీపేట_కొబ్బరి
అడిగారు గదండీ, మైకులో. మనం ఊరేగింపు డప్పులో వినపడక చెయ్యెత్తేశాం 😀

డేటా_చూపించు
నియోలిబరల్ అనేది నచ్చని ప్రతిదానికీ తగిలించే లేబుల్ అయిపోయింది. 1991లో మన దగ్గర దిగుమతులకి కొన్ని వారాలకి సరిపడా డాలర్లే మిగిలాయి. జులైలో 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి పంపి అప్పు తెచ్చుకున్నాం. పీవీ, మన్మోహన్ సింగ్ సిద్ధాంతం కోసం చేశారా, గతిలేక చేశారా? అంతకుముందు ఫోన్ కనెక్షన్‌కి, స్కూటర్‌కి కూడా ఏళ్ల తరబడి లైన్లో ఉండేవాళ్లం. ఆ రోజులు కావాలా?

చెరువుగట్టు_భీమవరం
+1. మా నాన్న వరి వేసి అప్పులు చేశాడు, నేను చెరువు తవ్వి తీర్చాను. 2009లో వనామీ రకం రొయ్యకి పర్మిషన్ ఇచ్చాక మా ఏరియాలో పెంకుటిళ్లు మేడలయ్యాయి. మార్కెట్ లేకపోతే మా రొయ్య ఎవడు తింటాడు, ప్రభుత్వం తింటుందా? వదిలేస్తే మేమే బతుకుతాం.

సార్వా_దాళ్వా
రాజుగారూ వదిలేస్తే బతుకుతాం అంటున్నారు, మీ చెరువు మీద ఏరేటర్లకి కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇస్తున్నది ఎవరండీ

చెరువుగట్టు_భీమవరం
అది మా హక్కు. డాలర్లు తెస్తున్నాం.

రిటైర్డ్_మాస్టారు_రాజోలు
చైతన్య గారి ప్రశ్నకి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపిగ్గా చదవండి. 1947లో, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో, హయెక్ అనే ఆర్థికవేత్త స్విట్జర్లాండ్‌లో మోంట్ పెలెరిన్ అనే చోట కొంతమందిని కూడగట్టాడు. ఫ్రీడ్‌మన్ కూడా అందులో ఉన్నాడు. అప్పుడు ప్రపంచమంతా ప్రణాళికలు, ప్రభుత్వ రంగం, కార్మిక సంఘాలు. వీళ్ల మాట వినేవాళ్లు లేరు. ముప్పై ఏళ్లు ఓపిక పట్టారు, సంస్థలు పెట్టారు, పుస్తకాలు రాశారు, పత్రికల్లో తమవాళ్లని తయారు చేసుకున్నారు. 1979లో బ్రిటన్‌లో థాచర్, 1980లో అమెరికాలో రీగన్ గెలిచేసరికి ఆ ఆలోచన గద్దెక్కింది.

ఇక్కడ చాలామంది పొరబడేదొకటుంది. నియోలిబరల్ అంటే ప్రభుత్వం తప్పుకోవడం కాదు. ప్రభుత్వం చాలా బలంగా ఉండాలి, కానీ ఆ బలం మార్కెట్‌ని కాపాడడానికి వాడాలి, ముఖ్యంగా ఓటర్ల నుంచి కాపాడడానికి. జనం ఓటుతో ధరలు తగ్గించమంటారు, జీతాలు పెంచమంటారు, భూమి పంచమంటారు, కాబట్టి ఆర్థిక వ్యవహారాలకి ఓటు అందకుండా కంచె వెయ్యాలి అన్నది ఆ ఆలోచనలో కీలకం. చిలీలో 1973లో ఎన్నికైన అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చింది. గద్దెక్కిన సైన్యాధిపతి పినోచెట్ దగ్గర షికాగోలో చదివొచ్చిన ఆర్థికవేత్తలు చేరి చాలా ప్రభుత్వ సంస్థలు అమ్మించారు, 1981లో పెన్షన్లు ప్రైవేటు ఫండ్లకి అప్పగించారు. అదే ఏడాది హయెక్ అక్కడి పత్రిక ఎల్ మెర్కూరియోతో మాట్లాడుతూ, ఉదారవాదం లేని ప్రజాస్వామ్యం కన్నా ఉదారవాద నియంత తనకి మేలు అన్నాడు. దాచుకోలేదు. మనం అంతమాట అనుకోవడానికి కూడా జంకుతాం.

సైన్యం అవసరం లేని చోట పని ఇంకో రకంగా జరిగింది. నీ ఎదుటి పార్టీ కూడా నీ మాటే మాట్లాడేలా చెయ్యడం. మీ గొప్ప విజయం ఏంటని అడిగితే థాచర్ "టోనీ బ్లెయిర్, న్యూ లేబర్" అందని చెప్తారు. ఆ బ్లెయిర్ ఎదుటి లేబర్ పార్టీ నాయకుడు. చైతన్య గారు పాలకొల్లులో చూస్తున్నది అదే.

లంకపిల్ల
మాస్టారూ పెన్షన్ సంగతి భలే తగిలింది. మా అన్నయ్య టీచరు, సీపీఎస్ లో (జీతంలో కోసి ఫండ్లలో పెట్టే కొత్త పెన్షన్) ఉన్నాడు. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లందరికీ అదే. 2019లో వారంలో రద్దు చేస్తామన్నారు, ఉద్యోగులు ఓట్లేశారు, 2023లో రద్దు బదులు జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) అని చట్టం తెచ్చారు. కారణం ఏం చెప్పారంటే రేపటి బడ్జెట్ మొయ్యలేదని. ఓటు గెలిచింది, లెక్కల పుస్తకం ఓడించింది.

డేటా_చూపించు
అది లెక్కే కదా మేడమ్. పాత పెన్షన్ మొత్తం ఇస్తే రోడ్లు ఎవరు వేస్తారు? ఉద్యోగులు జనాభాలో ఎంతమంది? కౌలు రైతుకి పెన్షన్ ఉందా?

సార్వా_దాళ్వా
నా పేరు మీద నువ్వు వాదించకు బాబూ, నేను ఇక్కడే ఉన్నాను. ఆళ్లకిచ్చేది తీసేస్తే నాకొస్తుందా? రాలేదుగా ఇన్నేళ్లూ.

కువైట్_నుంచి_సత్తి
ఇక్కడ అర్ధరాత్రి, డ్యూటీ నుంచి వచ్చి చదువుతున్నా. మాస్టారు గారు చెప్పింది నిజమే గాని నాలాంటివాళ్లం వెళ్లడానికి పాస్‌పోర్టు, విమానం, ఇంటికి డబ్బులు పంపడం ఇవన్నీ 91 తర్వాతే ఈజీ అయ్యాయి. మా పి.గన్నవరం వైపు ఆడవాళ్లు గల్ఫ్‌లో పనిచేసి ఇళ్లు కట్టారు. ఊళ్లో ఉంటే కూలికెళ్లి కామందు గుమ్మంలో నిలబడేవాళ్లు. అది కూడా లెక్కలో వెయ్యండి.

లంకపిల్ల
సత్తి గారి మాట నాది కూడా. "అంతకుముందు ప్రజాస్వామ్యం వెలిగిపోయింది" అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సహకార సొసైటీ ప్రభుత్వానిదే, అప్పులిచ్చేది మాత్రం ప్రెసిడెంటు గారి బంధువులకే, మా పేట వాళ్లు అరుగు కింద నిలబడాలి. కానీ ఒకటి గమనించండి. మా పేటలో మొదటి జీతం తెచ్చినవాళ్లు ఎవరు? ఆర్టీసీ కండక్టరు, లైన్‌మ్యాన్, ఏఎన్ఎం, టీచరు. అన్నీ ప్రభుత్వ కొలువులే, రిజర్వేషన్‌తో వచ్చినవే. ప్రైవేటు ఉద్యోగంలో రిజర్వేషన్ లేదు. మెడికల్ కాలేజీలో కూడా బీ కేటగిరీ (యాజమాన్య కోటా), ఎన్నారై సీటుకి రిజర్వేషన్ వర్తించదు. అందుకని పీపీపీ అనగానే పై కులం పిల్లాడికి ఫీజు గుర్తొస్తుంది, మా పిల్లకి సీటే గుర్తొస్తుంది. రాజ్యాంగంలో రాసిన హక్కుని ఎవరూ కొట్టెయ్యరు, అది పనిచేసే చోటుని చిన్నది చేసుకుంటూ పోతారంతే.

పాలకొల్లు_చైతన్య
లంకపిల్ల గారూ ఇది నేను ఆలోచించని కోణం.

రిటైర్డ్_మాస్టారు_రాజోలు
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో లంకపిల్ల చెప్పిందే అసలైంది.

చెరువుగట్టు_భీమవరం
సరే, మన రాష్ట్రంలో ఎప్పుడు మొదలైందో చెప్పండి, చిలీ మాకెందుకు

లాకుల_దగ్గర
ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి, నేను చెప్తా. 1996లో నీటి తీరువా ఒక్కసారిగా మూడింతలు చేశారు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, రైతులే కాలవలు నడుపుకుంటారని. 1998లో ప్రపంచ బ్యాంకు నుంచి రాష్ట్రం పేరు మీద సంస్కరణల ఋణం. అదే ఏడాది విద్యుత్ సంస్కరణల చట్టం. 1999 ఫిబ్రవరిలో కరెంటు బోర్డుని జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (సరఫరా)గా చీల్చారు, రేటు నిర్ణయించే పని రెగ్యులేటరీ కమిషన్‌కి ఇచ్చారు. విజన్ 2020 అనే పత్రం, అదీ మెకిన్సే అనే కన్సల్టెన్సీ సాయంతో. మన భవిష్యత్తు పత్రం అసెంబ్లీలో రాసుకోలేదు చూడండి.

నీటి సంఘాల గురించి నాకు మిశ్రమ అభిప్రాయం. మొదటి రెండేళ్లు పూడిక బాగా తీశారు, నా కళ్లతో చూశాను. తర్వాత ఎన్నికలు ఆపేసి నామినేట్ చేసుకుంటూ పోయారు. ఈలోగా లస్కర్లు (కాలవ నీళ్లు చూసే సిబ్బంది) రిటైరయితే ఆ ఖాళీలు నింపలేదు. లాకు దగ్గర మనిషి లేడు, గుర్రపుడెక్క తీసేవాడు లేడు, మురుగు కాలవ పూడిపోయి సార్వా (ఖరీఫ్ వరి) మునిగింది. పొదుపు చేశామన్నారు. ఆ పొదుపు రైతు చేలో నష్టంగా తేలింది.

సార్వా_దాళ్వా
నీటి సంఘం ఓటు సంగతి కూడా చెప్పండి సారూ. చట్టంలో కౌలుదారుడికి చోటుంది. కాగితంలో పేరు లేదు. నీళ్లు పెట్టేది నేను, ఓటేసేది హైదరాబాదులో ఉన్న ఓనరు.

అంబాజీపేట_కొబ్బరి
ఆయన ఓటేస్తాడేంటి, ఆయనకి చేను ఏ గట్టు పక్కనుందో తెలిస్తే గొప్ప 😄

డేటా_చూపించు
రెగ్యులేటరీ కమిషన్ వల్ల మంచే జరిగింది. లేకపోతే ప్రతి ఎన్నికకీ ముఖ్యమంత్రి రేటు తగ్గించి బోర్డుని ముంచేవాడు. నిపుణులు చెయ్యాల్సిన పని నిపుణులే చెయ్యాలి. ఆపరేషన్ టేబుల్ మీద ఓటింగ్ పెడతామా?

పాలకొల్లు_చైతన్య
ఆపరేషన్ చెయ్యాలో వద్దో నన్నడగాలి కదా బ్రదర్.

రిటైర్డ్_మాస్టారు_రాజోలు
డేటా గారి మాటలో నిజం లేకపోలేదు, అందుకే దీన్ని కొట్టిపారెయ్యడం కష్టం. నిపుణుడు కావాలి. కానీ ఎవరు ఎంత భరించాలన్నది నిపుణుడు తేల్చే లెక్క కాదు, అది రాజకీయం. 2000 సంవత్సరం ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఊరేగింపుకి వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. కమిషన్ ఆర్డరు మీద ఎవరిని నిలదీయాలో తెలియని జనం వీధిలోకి వచ్చారు, ఎదురొచ్చింది పోలీసులు. 2004లో ఆ కోపం ఓటైంది, వైఎస్ మొదటి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టారు.

ఆ తర్వాత కథ ఇంకా గట్టిది. 2019లో కొత్త ప్రభుత్వం సోలార్, విండ్ కొనుగోలు ఒప్పందాలు ఎక్కువ రేటుకి జరిగాయని తిరగదోడాలని చూసింది. అవి 25 ఏళ్ల ఒప్పందాలు. పెట్టుబడులు పోతాయని కేంద్రం వద్దంది, జపాన్ రాయబారి ఉత్తరం రాశాడు, 2022లో హైకోర్టు ఒప్పందం రేటే కట్టమంది. ఆ ప్రభుత్వం చేసింది సబబా కాదా అన్నది వేరే చర్చ. అయిదేళ్లకి ఎన్నుకునే ప్రభుత్వం చేతిని పాతికేళ్ల కాగితం పట్టుకుంది, నేను చూడమంటున్నది అది. రేపు మెడికల్ కాలేజీ లీజు కూడా దశాబ్దాలకి రాసుకుంటారు. తర్వాత మీరు ఎవరికి ఓటేసినా ఆ సంతకం మారదు.

చెరువుగట్టు_భీమవరం
ఒప్పందం గౌరవించకపోతే ఎవడు పెట్టుబడి పెడతాడు మాస్టారూ. నేను ఫీడ్ కంపెనీకి మాటిచ్చి తప్పితే రేపు నాకు మేత ఇస్తాడా.

రిటైర్డ్_మాస్టారు_రాజోలు
మీరు ఫీడ్ కంపెనీకి మాటిచ్చేముందు కాగితం చదువుతారు. ఈ కాగితాలు మనకి చూపించమనే నేను అడుగుతున్నది. సంతకానికి ముందు గ్రామసభలో, అసెంబ్లీలో చర్చ పెట్టమనండి.

సార్వా_దాళ్వా
గ్రీసులో అడిగారుగా మరి. మా అబ్బాయి చెప్పాడు.

పాలకొల్లు_చైతన్య
అవును, 2015 జులై 5న రెఫరెండం పెట్టారు, అప్పులోళ్ల షరతులకి 61 శాతం వద్దన్నారు. ఎనిమిది రోజులకే అదే ప్రభుత్వం షరతులకి ఒప్పుకుంది. ప్రజాస్వామ్యం పుట్టిందని చెప్పుకునే చోట.

అక్కమ్మ_సంఘం
నేను డ్వాక్రా గ్రూపు లీడర్ని, ఇదంతా చదివాక ఒకటి చెప్పాలి. అందరూ "ఏం చెయ్యలేం" అన్నట్టు మాట్లాడుతున్నారు. 2010లో మా వీధిలో మైక్రో ఫైనాన్స్ వాళ్లు వారం వారం వచ్చి గుమ్మం ముందు కూర్చునేవారు. ఒకళ్లు కట్టకపోతే గ్రూపంతా కట్టాలి, పుస్తెలమ్మి కట్టినవాళ్లున్నారు, ఊరొదిలిపోయినవాళ్లున్నారు. పేదవాళ్లకి అప్పు ఇస్తే వాళ్లే వ్యాపారస్తులైపోతారని పెద్దపెద్ద వాళ్లు పొగిడిన విధానం అది. ఆడవాళ్లం గోల చేశాం, పేపర్లలో వచ్చింది, ఆ అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వారం వసూళ్లు ఆపింది. ఆరోజు పెట్టుబడి పోతుందని భయపెట్టారు గదా, అయినా చేశారు. ప్రభుత్వం తల్చుకుంటే చెయ్యగలదు, తల్చుకునేలా మనం చెయ్యాలి.

డేటా_చూపించు
తర్వాత ఏమైంది? ఆ అప్పులు ఆగాక వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లారు.

అక్కమ్మ_సంఘం
కొందరు వెళ్లారు. ఇంకా బ్యాంకు లింకేజీ పెంచమని అడిగాం, కొంత పెంచారు. ఆ వడ్డీ వ్యాపారి సాయంత్రం కూడా మా వీధిలోనే తిరగాలి, వాడితో మాట్లాడ్డం నాకొచ్చు.

అంబాజీపేట_కొబ్బరి
అక్కమ్మ గారిని ఆర్థిక మంత్రి చెయ్యండి ముందు

కువైట్_నుంచి_సత్తి
అంబాజీపేట నవ్వించడమేనా, కొబ్బరి సంగతి చెప్పవేం

అంబాజీపేట_కొబ్బరి
చెప్తా విను. తొంభైల్లో పామాయిల్ దిగుమతి గేట్లు ఎత్తారు. ఇప్పుడు మనం కొనే దిగుమతి నూనెల్లో అదే పెద్దది. కొబ్బరి ధర మా మార్కెట్ యార్డులో పుట్టదు, దిగుమతి సుంకం ఎంతన్నదాని మీద, తమిళనాడు, కేరళ కాయ మీద ఆధారపడుతుంది. సుంకం ఢిల్లీలో ఒక నోటిఫికేషన్‌తో మారుతుంది. మా ఎమ్మెల్యే అభ్యర్థుల్ని ఎవరైనా సుంకం గురించి అడిగారా? మేమడిగింది రోడ్డు, వాళ్లడిగింది మా కులం. ఇది జోకు కాదు.

చెరువుగట్టు_భీమవరం
రొయ్యకీ అదే తంటా. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసింది. మర్నాటికి కొనేవాడు కౌంట్ రేటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే రేటు) దించేశాడు. మేం ట్రంప్‌కి ఓటెయ్యలేదు కదా.

సార్వా_దాళ్వా
ఇప్పుడు మన గట్టుకొచ్చారు రాజుగారు

చెరువుగట్టు_భీమవరం
రాలేదు. మార్కెట్ వద్దని నేననను. ఒకే దేశం మీద ఆధారపడ్డామని అంటున్నా. కానీ రేటు దిగిన రోజు ప్రభుత్వం వైపే చూశాం, అది మాత్రం ఒప్పుకుంటా.

సార్వా_దాళ్వా
వరి సంగతి నేను చెప్తా. 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2369, అంటే 75 కేజీల బస్తాకి 1777. పేపర్లో. కళ్లంలో తేమ 17 శాతం దాటిందంటే మిల్లు వాడు కోత పెడతాడు, వాన మబ్బు కనిపిస్తే ఇంకా కోత. 2011లో మా కోనసీమ రైతులు సార్వా వెయ్యం అని పంట విరామం ప్రకటించారు, ఇంచుమించు లక్ష ఎకరాలు. అన్నం పెట్టే డెల్టాలో. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, కమిటీ వచ్చింది, చూసింది, రాసింది. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో విరామం అన్నారు, మళ్లీ అవే కారణాలు, మురుగు కాలవ, ధాన్యం డబ్బులు. ఎక్కడుందండీ మా ఓటు ఈ పదకొండేళ్లలో.
పంట విరామం కూడా భూమి ఉన్నోళ్ల నిర్ణయమే ఎక్కువ. వెయ్యకపోతే నాకు ఆ సీజన్ లేదు, కూలీకి పని లేదు.

డేటా_చూపించు
మద్దతు ధరే పూర్తిగా మార్కెట్‌కి వ్యతిరేకం కదా. మరి దేశం నియోలిబరల్ ఎలా అయింది? రాష్ట్ర బడ్జెట్‌లో సంక్షేమం చూడండి. పిల్లల తల్లులకి డబ్బులు, ఆరోగ్యశ్రీ, పెన్షన్లు. థాచర్ చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు_రాజోలు
మంచి ప్రశ్న. పడిపోదు, మెచ్చుకుంటుంది. ఫ్రీడ్‌మన్ బడులకి వోచర్లు ఇవ్వమన్నాడు, 1955లోనే. బడి నడపొద్దు, డబ్బు చేతికివ్వు, తల్లిదండ్రులు కొనుక్కుంటారు అని. అమ్మ ఒడి 15 వేలు ప్రైవేటు బడికి వెళ్లే పిల్లల తల్లులకీ వచ్చింది, తల్లికి వందనం కూడా అంతే. నేను ఆ డబ్బు వద్దనను, ఆ తల్లికి అది పెద్ద ఆసరా. కానీ ఊరి బడి బాగోలేదని నలుగురూ కలిసి నిలదీసే చోట, నా ఖాతాలో పడిందా లేదా అని ఒక్కొక్కరూ ఫోన్ చూసుకునే పరిస్థితి వచ్చింది. డబ్బు పడకపోతే అడిగేది ఒంటరిగా. ప్రజాస్వామ్యానికి అసలు దెబ్బ అక్కడ తగిలిందని నా నమ్మకం.

కువైట్_నుంచి_సత్తి
మాస్టారూ మా నాన్నకి గుండె ఆపరేషన్ 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతోనే అయింది, కార్పొరేట్ ఆసుపత్రిలో. పథకం లేకపోతే మా నాన్న లేడు. దాని మీద మాటంటే నాకు బాధ.

లంకపిల్ల
నేను నర్సుని సత్తి గారూ. మీ నాన్న బతకడం నూటికి నూరుపాళ్లు గొప్ప. నేను మొదట చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు పేషెంటుకి వేరే వార్డు, వేరే మాట. మా లంక నుంచి రాత్రి పూట కాన్పుకి పడవ దాటి వస్తే పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీ. గుండెకి డబ్బు ఇస్తారు, ఎందుకంటే బిల్లు వేసేవాళ్లున్నారు. పాము కాటుకి, కాన్పుకి ఊళ్లో మనిషి ఉండాలి, దాంట్లో ఎవరికీ లాభం లేదు. రెండూ కావాలని అడుగుదాం, ఒకటి చూపించి ఇంకోటి మాన్పించొద్దని.

కువైట్_నుంచి_సత్తి
అలా అంటే సరే. ఒప్పుకున్నా.

పాలకొల్లు_చైతన్య
ఇంకో ముక్క, పార్టీలకి డబ్బు. 2018లో ఎలక్టోరల్ బాండ్లు తెచ్చారు, ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకి చెప్పక్కర్లేదన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధం అని కొట్టేసింది. ఆరేళ్లు మనకి తెలియకుండా నడిచింది. కాలేజీ ఎవరికిస్తున్నారో, వాళ్లు ఏ పార్టీకి ఏమిచ్చారో పక్కపక్కన చూడగలిగితే అప్పుడు పీపీపీ గురించి వాదిద్దాం.

చెరువుగట్టు_భీమవరం
ఇది మాత్రం ఒప్పుకుంటున్నా, షరతుల్లేకుండా. తుందుర్రు చూసినవాణ్ణి నేను. ఆక్వా పార్క్ వద్దన్న ఊళ్లలో 144 సెక్షన్ పెట్టారు, సొంతూళ్లో ఇంటికెళ్లాలంటే ఆధార్ కార్డు చూపించాల్సొచ్చిందని మా చుట్టాలు చెప్పారు. నేనూ రొయ్యలవాణ్ణే, ఫ్యాక్టరీ రావాలనుకున్నవాణ్ణే. అయినా అలా తేవడం తప్పు.

డేటా_చూపించు
బాండ్ల విషయంలో నేనూ ఒప్పుకుంటా. గోప్యత ఉంటే అది మార్కెట్ కూడా కాదు. మిగతా వాటిలో నా మాట నాదే.

లాకుల_దగ్గర
మాటలు చాలా అయ్యాయి, పనికొచ్చేది చెప్తా. డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) ఏటా నవంబరు చివర్లోగా కమిషన్‌కి లెక్కలు దాఖలు చేస్తాయి, ఆ తర్వాత అభ్యంతరాలు పిలిచి బహిరంగ విచారణ పెడతారు. తెలుగులో రాసివ్వొచ్చు, ఎవరైనా రాయొచ్చు. ట్రూ అప్ చార్జీ (వెనకటి అదనపు ఖర్చు వసూలు) బిల్లులో ఎందుకొచ్చిందని అడగడానికి అదే చోటు. మన డెల్టా నుంచి వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. నీటి సంఘాలకి 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, కాబట్టి ఇప్పుడు ఎన్నికైనవాళ్లున్నారు. కాలవ కట్టేసే లోపల సంఘం మీటింగ్ పెట్టించి మురుగు కాలవ పని, లస్కర్ ఖాళీలు తీర్మానం చెయ్యమనండి.

అక్కమ్మ_సంఘం
కమిషన్‌కి మా గ్రూపు తరఫున రాస్తాం. నమూనా ఉంటే పెట్టండి, పదిమంది సంతకాలు నేను తెస్తా.

సార్వా_దాళ్వా
సంఘం మీటింగ్‌కి నన్ను రానిస్తారా

లాకుల_దగ్గర
ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు)లో సాగుదారుగా మీ పేరు ఎక్కిందా?

సార్వా_దాళ్వా
ఎక్కలేదు. సీసీఆర్సీ కార్డుకి (కౌలుదారు సాగు హక్కు కార్డు) ఓనరు సంతకం కావాలన్నారు, ఆయన పెట్టనన్నాడు. భూమి పోతుందని భయం.

లంకపిల్ల
అయితే తీర్మానంలో మొదటి అంశం అదే రాయండి, ఓనరు సంతకం లేకుండా సాగుదారు పేరు ఎక్కించాలని. మురుగు కాలవ రెండోది.

లాకుల_దగ్గర
సంఘంలో ఉన్నవాళ్లంతా భూమి ఉన్నోళ్లే. ఒప్పుకోరు.

చెరువుగట్టు_భీమవరం
మా ఊరి సంఘంలో నేనున్నాను. పెడతా. ఓడిపోతే ఎవరెవరు వద్దన్నారో ఇక్కడ రాస్తా.